కెమెరా చెప్పిన మాట, ముద్దాయి అడగవలసిన ప్రశ్న

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో గస్తీ తిరిగే పోలీసు ఉద్యోగి ఛాతీ మీద అరచేతిలో ఇమిడే ఒక కెమెరా ఉండటం నేడు సర్వసాధారణమైపోయింది. ఆ మార్పుకు ఊపునిచ్చిన సంఘటన 2014 ఆగస్టులో జరిగింది. మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్ పట్టణంలో ఒక నల్లజాతి యువకుడు పోలీసు కాల్పులలో మరణించాడు. వీధిలో ఉండి చూచినవారు ఒకదానికొకటి పొసగని కథనాలు చెప్పారు. ఒక కెమెరా ఉండి ఉంటే ఈ వివాదమే లేకపోయేది కదా అన్న మాట దేశమంతటా వినిపించింది. మరుసటి సంవత్సరం కేంద్ర న్యాయశాఖ కెమెరాల కొనుగోలుకు ధనసహాయం ప్రకటించింది. 2016 నాటికి అక్కడి సాధారణ పోలీసు సంస్థలలో దాదాపు 47 శాతం, పెద్ద పోలీసు శాఖలలో 80 శాతం వీటిని సంపాదించుకున్నాయని ప్రభుత్వ గణాంకాలు తెలిపాయి.

కెమెరాను కోరినవారు పోలీసుల మీద నిఘా కోసం కోరారు. న్యాయస్థానానికి చేరేసరికి అది మరొక పనికీ వచ్చింది. ఒక ఉదాహరణ తీసుకుందాం. అర్ధరాత్రి ఒక ఇంటి నుండి ఫోను వస్తుంది. పోలీసులు వెళతారు. గుమ్మంలో ఒక స్త్రీ ఏడుస్తూ నిలబడి, భర్త తనను కొట్టాడని చెబుతుంది. ఆమె ముఖం, గొంతు, పెదవి మీది గాయం అన్నీ కెమెరాకు ఎక్కుతాయి. ఆరు నెలల తరువాత విచారణ జరిగే రోజున ఆమె రాదు. భయపడిందో, రాజీపడిందో, ఊరు విడిచి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. ప్రాసిక్యూషన్ న్యాయవాది ఆ రికార్డును జ్యూరీ ఎదుట ప్రదర్శిస్తానంటాడు. ముద్దాయి తరఫు న్యాయవాది లేచి, ‘నేను ఎవరిని ప్రశ్నించాలి?’ అని అడుగుతాడు. ఈ ప్రశ్న చుట్టూ గడచిన 20 సంవత్సరాలలో అమెరికా న్యాయశాస్త్రంలో పెద్ద చర్చ జరిగింది. మన ఫిఖహ్ గ్రంథాలలోని ‘కితాబుష్షహాదాత్’, అనగా సాక్ష్యాల అధ్యాయం చదివినవారికి ఈ చర్చ అపరిచితంగా తోచదు. అయితే రెండింటికీ ఉన్న పోలిక ఎంతవరకు, తేడా ఎక్కడ అన్నది నిదానంగా చూడవలసిన విషయం.

ముఖాముఖి హక్కు

1791లో అమలులోకి వచ్చిన అమెరికా రాజ్యాంగపు ఆరవ సవరణ క్రిమినల్ కేసులో ముద్దాయికి కొన్ని హక్కులు ఇచ్చింది. తనకు వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చేవారిని ఎదురుగా నిలబెట్టించుకొనే హక్కు వాటిలో ఒకటి. మొదట ఇది కేంద్ర న్యాయస్థానాలకే వర్తించేది. 1965లో పాయింటర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు దీనిని రాష్ట్రాల న్యాయస్థానాలకు కూడా వర్తింపజేసింది.

ఈ హక్కు వెనుక ఒక పాత గాయం ఉంది. 1603లో ఇంగ్లండులోని వించెస్టర్‌లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగింది. ఆయన మీద ప్రధానమైన సాక్ష్యం లార్డ్ కోబామ్ అనే సహనిందితుడు ఇచ్చిన వాంగ్మూలం. దానిని కాగితం మీద నుండి చదివి వినిపించారు. తన ప్రాణం కాపాడుకోవడానికి కోబామ్ అబద్ధమాడాడనీ, అతనిని తన ముందుకు రప్పిస్తే ఆ మాట అనలేడనీ రాలీ మొరపెట్టుకున్నాడు. కోబామ్ ఎక్కడో దూరదేశంలో లేడు, చెరలోనే ఉన్నాడు. అయినా న్యాయమూర్తులు అంగీకరించలేదు. రాలీకి మరణశిక్ష విధించారు. 15 సంవత్సరాల తరువాత, 1618లో, ఆ శిక్ష అమలు జరిగింది. కాగితాన్ని ప్రశ్నించలేమన్న పాఠం ఆంగ్లేయ న్యాయవాదుల మనస్సులలో అప్పటి నుండి నాటుకుపోయింది.

అయినప్పటికీ ఇరవయ్యవ శతాబ్దంలో ఈ హక్కు కొంత సడలింది. 1980లో ఒహాయో రాష్ట్రానికి చెందిన రాబర్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. సాక్షి రాలేని స్థితిలో ఉండి, అతని వాంగ్మూలం నమ్మదగినదని న్యాయమూర్తికి తోస్తే దానిని స్వీకరించవచ్చునన్నది. ఆచరణలో ఇది ఎటు దారితీసిందో క్రాఫర్డ్ కేసు చూపింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక వ్యక్తి మరొకరిని కత్తితో పొడిచాడు. ఆత్మరక్షణకే పొడిచానన్నాడు. పోలీస్ స్టేషన్‌లో అతని భార్య చెప్పిన మాటలను టేపు మీద రికార్డు చేశారు. అవి భర్త చెప్పిన దానికి కొంత భిన్నంగా ఉన్నాయి. భార్యాభర్తలకు సంబంధించిన ఆ రాష్ట్రపు నియమం వల్ల ఆమె సాక్షి బోనులోకి రాలేదు. టేపు మాత్రం జ్యూరీ ఎదుట మోగింది. అది నమ్మదగినదా అన్న ప్రశ్నకు కింది న్యాయస్థానాలు ఒకదాని తరువాత ఒకటి వేర్వేరు సమాధానాలిచ్చాయి. ఒకే టేపు, ఒకే మాటలు. ‘నమ్మదగినది’ అన్నది వినేవారిని బట్టి మారే కొలత అని తేలింది.

2004 మార్చిలో జస్టిస్ స్కాలియా వ్రాసిన తీర్పు ఆ కొలతను పక్కకు నెట్టింది. ఒక మాట ‘సాక్ష్యస్వభావం’ కలదైతే, అనగా విచారణలో ఉపయోగపడేలా చెప్పిన మాటైతే, చెప్పిన మనిషి న్యాయస్థానానికి రావాలి. రాలేకపోతే, అంతకు పూర్వం ముద్దాయికి అతనిని క్రాస్ పరీక్ష చేసే అవకాశం కలిగి ఉండాలి. రెండూ లేకపోతే ఆ మాట జ్యూరీ చెవిన పడకూడదు. అది ఎంత నిజంలా వినిపించినా సరే. మాట నిజమా కాదా అని తేల్చే పద్ధతిని కూడా రాజ్యాంగమే నిర్ణయించిందనీ, ఆ పద్ధతి ఎదురు ప్రశ్నేననీ ఆ తీర్పు సారాంశం. ఈ మలుపుకు కారణమైనది ఒక రికార్డు కావడం గమనార్హం. యంత్రం మాటను పొల్లు పోకుండా పట్టుకుంది. అయినా లోపం తీరలేదు, ఎందుకంటే లోపం పట్టుకోవడంలో లేదు.

మరి గుమ్మంలో ఏడ్చిన స్త్రీ సంగతి? 2006లో డేవిస్, హామన్ అనే రెండు కేసులను సుప్రీంకోర్టు ఒకేసారి తీర్మానించింది. మొదటి దానిలో దెబ్బలు తింటున్న స్త్రీ 911 నంబరుకు ఫోను చేసి, జరుగుతున్నది చెప్పింది. ఆమె సహాయం కోరుతున్నది, సాక్ష్యమివ్వడం లేదు. కాబట్టి ఆ రికార్డు చెల్లుతుందన్నారు. రెండవ దానిలో పోలీసులు వెళ్ళేసరికి గొడవ సద్దుమణిగింది. భర్తను ఒక గదిలో, భార్యను మరొక గదిలో ఉంచి ఏమి జరిగిందని అడిగారు. ఆమె చెప్పింది, కాగితం మీద వ్రాసి ఇచ్చింది. విచారణకు పిలిచినా రాలేదు. ఇది గడచిపోయిన నేరాన్ని గురించిన వాంగ్మూలం, కాబట్టి చెల్లదన్నారు. ఆపద కొనసాగుతున్నదా, ముగిసిందా అన్నదే గీటురాయి. 2011లో బ్రయంట్ కేసు ఈ గీతను మరింత మసక చేసింది. డెట్రాయిట్‌లో ఒక పెట్రోలు బంకు దగ్గర తుపాకి గుండు తగిలి పడి ఉన్న మనిషి, తనను కాల్చినదెవరో పోలీసులకు చెప్పి, కొద్ది గంటలలో మరణించాడు. కాల్చినవాడు ఎక్కడున్నాడో తెలియదు గనుక ఆపద ఇంకా తీరలేదని ఐదుగురు న్యాయమూర్తులు భావించారు. స్కాలియా, గిన్స్‌బర్గ్ ఒప్పుకోలేదు.

రికార్డులో ఉన్నవి ఒకటి కాదు

బాడీ కెమెరా రికార్డును ఒకే సాక్ష్యంగా చూడటం పొరపాటు. దానిలో బొమ్మ ఉంది, పోలీసు మాట ఉంది, ముద్దాయి మాట ఉంది, ఇతరుల మాట ఉంది. విరిగిన కిటికీ, నేల మీది రక్తం ఎవరి మాటా కాదు. యంత్రం సాక్షి కాదు గనుక బొమ్మకు ముఖాముఖి హక్కు వర్తించదని అక్కడి న్యాయస్థానాలు సాధారణంగా తీసుకున్నాయి. అది అసలైనదేననీ, మార్పులు జరగలేదనీ ఎవరో ఒకరు రుజువు చేస్తే చాలు. ముద్దాయి తాను అన్న మాటలకు తననే ఎదుర్కొంటానని అడగలేడు. పోలీసు ఉద్యోగి అన్న మాటలకు ఆయన విచారణకు వచ్చి ప్రశ్నలకు జవాబు చెబితే సరిపోతుంది. చిక్కంతా నాల్గవదానితో, అనగా బోనులోకి రాని మనిషి అన్న మాటతో.

ఇక్కడ ఒక వాదన తరచు వినవస్తుంది. పోలీసు ఉద్యోగి బోనులో ఉన్నాడు కదా, ఆయనను ప్రశ్నించవచ్చు కదా అని. ఆయనను ఏమని ప్రశ్నించాలి? ఆమె చెప్పినది విన్నావా అంటే విన్నానంటాడు. కెమెరా కూడా విన్నది. ఆమె ఎంత దూరంలో ఉంది, వెలుతురు ఉందా, ఆ రోజు ఉదయం భర్తతో ఆస్తి విషయమై తగాదా పడిందా, ఒక పేరు బదులు మరొక పేరు చెప్పిందా అన్న ప్రశ్నలకు జవాబు ఆమె దగ్గరే ఉంది. విన్నవాడు ఎంత సత్యవంతుడైనా, విన్న సంగతికే బాధ్యుడు.

గతంలో ఆపద ఎప్పుడు ముగిసిందో పోలీసు జ్ఞాపకం మీద ఆధారపడి న్యాయమూర్తి ఊహించవలసి వచ్చేది. ఇప్పుడు తెర మీద సెకన్లతో సహా కనబడుతుంది. ముద్దాయి చేతులకు బేడీలు పడిన క్షణం, అంబులెన్సు తలుపు మూసుకున్న క్షణం, ఉద్యోగి నోటుపుస్తకం బయటికి తీసిన క్షణం. సంభాషణ సహాయపు పిలుపుగా మొదలై వాంగ్మూలంగా మారవచ్చుననీ, మారిన తరువాతి భాగాన్ని కత్తిరించాలనీ డేవిస్ తీర్పులోనే ఉంది. అందుచేత ఒకే రికార్డులో మొదటి నాలుగు నిమిషాలు జ్యూరీ వినడం, ఆ తరువాత శబ్దం ఆపివేసి బొమ్మ మాత్రమే చూడటం వంటి ఏర్పాట్లకు వీలు కలిగింది. శబ్దం లేకుండా కదిలే పెదవులను చూచిన జ్యూరీ ఏమీ ఊహించుకోదనుకోవడం అమాయకత్వమే. చట్టానికి ఇంతకంటే మంచి ఉపాయం ఇంకా దొరకలేదు.

కెమెరాకు తనదైన పక్షపాతం కూడా ఉంది. అది పోలీసు ఛాతీ మీద నుండి చూస్తుంది. ఎదుటివాని ముఖం కనబడుతుంది, ధరించినవాని చేయి కనబడదు. అనేక కెమెరాలు మీట నొక్కక ముందరి 30 సెకన్లను కూడా దాచి ఉంచుతాయి గాని, మామూలుగా వాటిలో శబ్దం ఉండదు. తెర అంచుకు బయట నుండి వచ్చే గొంతు ఎవరిదన్న సందేహం కూడా సామాన్యమే.

హిదాయా పుటలలో

ఈ చివరి సందేహం హనఫీ ఫిఖహ్‌లో సుపరిచితం. బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం హిజ్రీ 593, క్రీ.శ. 1197) వ్రాసిన ‘అల్ హిదాయా’ను మన మదరసాలలో నేటికీ పాఠంగా చెబుతారు. వారన్ హేస్టింగ్స్ పురమాయింపుతో తయారైన పారశీ అనువాదం నుండి ఛార్లెస్ హామిల్టన్ చేసిన ఆంగ్లానువాదం 1791లో, అనగా అమెరికా ఆరవ సవరణ అమలుకు వచ్చిన సంవత్సరంలోనే, లండన్‌లో వెలువడింది. కంపెనీ కోర్టుల దొరలు అరబీ మూలాన్ని రెండు తెరల వెనుక నుండి చదివారన్న మాట.

తెర వెనుక నుండి ఒక గొంతు విన్నవాడు, ఫలానావాడు ఇలా అన్నాడని సాక్ష్యమివ్వరాదని హిదాయా చెబుతుంది. గొంతును గొంతు పోలి ఉంటుందన్నది కారణం. దానికి ఒక మినహాయింపు ఉంది. అతడు ముందుగా ఆ ఇంటిలోకి వెళ్ళి, లోపల మరెవరూ లేరని చూచుకొని, వేరే దారి లేని ఆ ఇంటి వాకిట కూర్చొని ఉండగా మాట వినబడితే సాక్ష్యమివ్వవచ్చు. తెర అంచుకు బయటి గొంతు విషయంలో అమెరికా న్యాయవాది వేసే ప్రశ్నలన్నీ ఈ మినహాయింపులో ఇమిడి ఉన్నాయి. ఇంటిలో ఇంకెవరున్నారు? వెనుక వాకిలి ఉందా? నీవు చూచావా?

అంతకంటే ముఖ్యమైనది ‘షహాదా’ అన్న భావన. హనఫీ న్యాయవేత్తల దృష్టిలో సాక్ష్యమంటే సమాచారం చేరవేయడం మాత్రమే కాదు. ఖాజీ సభలో, ‘సాక్ష్యమిస్తున్నాను’ అన్న మాటతో, ప్రతివాది సమక్షంలో, వాదిని, ప్రతివాదిని, ఎదుట ఉంటే వివాదవస్తువును సైతం వేలితో చూపుతూ చెప్పేది షహాదా. హాజరులేనివాని మీద తీర్పు చెప్పరాదన్నది వారి నియమం. షాఫియీ పండితులు ఈ చివరి విషయంలో వారితో ఏకీభవించలేదు. హజ్రత్ అలీ (రజి)ని యమన్‌కు న్యాయాధికారిగా పంపుతూ మహాప్రవక్త (స), రెండవ పక్షం మాట వినకుండా మొదటి పక్షానికి తీర్పు చెప్పవద్దని బోధించినట్లు అబూ దావూద్ గ్రంథంలో ఉంది.

హదీసును దూరం నుండి, వ్రాత ద్వారా, ఒకరి నోటి నుండి మరొకరు స్వీకరించవచ్చుగదా, సాక్ష్యానికి ఇన్ని కట్టుబాట్లు ఎందుకన్న ప్రశ్న పూర్వులకూ తట్టింది. మాలికీ పండితుడు అల్ ఖరాఫీ (మరణం హిజ్రీ 684) తన ‘అల్ ఫురూఖ్’ను ఈ తేడాతోనే ప్రారంభించాడు. రివాయత్‌కూ షహాదాకూ అసలు భేదమేమిటో తెలుసుకోవడానికి సుమారు ఎనిమిదేళ్ళు వెదికానని ఆయన చెప్పుకున్నాడు. రివాయత్ ఎప్పటికీ అందరికీ వర్తించే నియమాన్ని చేరవేస్తుంది. షహాదా ఒక నిర్దిష్టమైన వ్యక్తిని పట్టి బంధిస్తుంది. ఆ వ్యక్తి మీద సాక్షికి పగ ఉండవచ్చు. అందుకే ఇక్కడ సంఖ్య, సమక్షం, విచారణ అవసరమయ్యాయి. క్రాఫర్డ్ తీర్పులో ‘సాక్ష్యస్వభావం కల మాట’కూ మామూలు మాటకూ గీచిన గీత దీనికి దగ్గరగా వస్తుంది.

సాక్షి రాలేని స్థితి గురించి కూడా హిదాయాలో ఒక అధ్యాయముంది. దానిని ‘సాక్ష్యం మీద సాక్ష్యం’ అంటారు. అసలు సాక్షి మరణించి ఉండాలి, లేదా మూడు రోజుల ప్రయాణ దూరంలో ఉండాలి, లేదా ఖాజీ సభకు రాలేనంత జబ్బుతో ఉండాలి. అతడు తన సాక్ష్యాన్ని మోయమని మరొకరికి స్వయంగా అప్పగించి ఉండాలి. దారిన పోతూ విన్న మాట పనికిరాదు. మోసేవారు ఇద్దరుండాలి. తాను అప్పగించలేదని అసలు సాక్షి అంటే అంతటితో సరి. ఇంతా చేసి, హుదూద్, ఖిసాస్ శిక్షలు పడే కేసులలో దీనికి తావే లేదు, ఎందుకంటే అవి సందేహం వల్ల రద్దయ్యే శిక్షలు. పోలీసు కెమెరా ముందు ఏడుస్తూ మాట్లాడిన స్త్రీ తన సాక్ష్యాన్ని ఆ ఉద్యోగికి అప్పగించిందా? ఆమె సహాయం అడిగింది. అప్పగింత లేదు. ఆ మాటను మోసుకొచ్చినది ఒక్క యంత్రం.

అయితే, ఆధునికులు కనిపెట్టినదంతా మన గ్రంథాలలో ముందే ఉందని చెప్పుకొనే అలవాటు ఇక్కడ సరిపడదు. ముద్దాయి తరఫున ఒక న్యాయవాది లేచి సాక్షిని గంటల తరబడి ప్రశ్నించే పద్ధతి ఫిఖహ్ గ్రంథాలలో కేంద్రస్థానంలో లేదు. ఎదుటి పక్షానికి సాక్షి మీద ఆక్షేపణ తెలిపే హక్కు ఉంది, దానిని ‘జర్హ్’ అంటారు. వ్యభిచార ఆరోపణ వంటి వాటిలో ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ఖాజీయే సాక్షులను అడగాలి. కాని ప్రధానమైన భారం ‘తజ్కియా’ మీద ఉంచారు. సాక్షి ఎటువంటివాడో రహస్యంగానూ బహిరంగంగానూ విచారించడమే తజ్కియా. ఎదుటివారు ఆక్షేపించనంతవరకు, హుదూద్, ఖిసాస్ తప్ప మిగిలిన వాటిలో పైకి కనిపించే మంచితనం చాలునన్నారు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ). ప్రతి కేసులోనూ విచారించవలసిందేనన్నారు ఆయన శిష్యులిద్దరూ. ఒక సాక్షిని మంచివాడని సిఫార్సు చేసిన మనిషిని హజ్రత్ ఉమర్ (రజి), నీవు అతని పొరుగువాడివా, అతనితో డబ్బు లావాదేవీ చేశావా, ప్రయాణం చేశావా అని అడిగిన ఉదంతం ప్రసిద్ధం. ఫాసిఖ్ తెచ్చిన వార్తను నిర్ధారించుకోమన్న ఖుర్ఆన్ ఆజ్ఞ (49:6) దీనికి మూలం. అమెరికా పద్ధతి మాటను పరీక్షిస్తుంది, ఫిఖహ్ పద్ధతి మనిషిని పరీక్షిస్తుంది. రెండింటికీ పరీక్షించడానికి మనిషి కావాలి.

బొమ్మ ఏమి చెప్పగలదు?

బొమ్మ విలువను ఫిఖహ్ కాదనలేదు. యూసుఫ్ (అలై) చొక్కా వెనుక నుండి చిరిగి ఉండటమే ఆయన నిర్దోషిత్వానికి గుర్తయింది (12:26-28). ఇటువంటి ఆనవాలును ‘ఖరీనా’ అంటారు. హంబలీ పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం హిజ్రీ 751) సత్యాన్ని వెల్లడించే ప్రతిదీ ‘బయ్యినా’యేనని తన ‘అత్తురుఖుల్ హుక్మియ్యా’లో వాదించాడు. పందొమ్మిదవ శతాబ్దంలో ఉస్మానియా ప్రభుత్వం రూపొందించిన ‘మజల్లా’ కూడా నిశ్చయాత్మకమైన ఖరీనాను తీర్పుకు ఆధారంగా అంగీకరించి, ఒక ఉదాహరణ ఇచ్చింది. నిర్జనమైన ఇంటి నుండి ఒకడు రక్తం ఓడే కత్తితో కంగారుగా బయటికి వచ్చాడు. లోపలికి వెళ్ళి చూస్తే అప్పుడే గొంతు కోయబడిన మనిషి ఉన్నాడు. అతడే హంతకుడనడంలో సందేహముండదని.

విచిత్రమేమంటే, ఇబ్నుల్ ఖయ్యిమ్ అదే గ్రంథంలో హజ్రత్ అలీ (రజి) కాలపు ఉదంతమొకటి చెప్పాడు. పాడుపడిన ఇంటిలో నెత్తుటి కత్తితో ఒకడు దొరికాడు. కాళ్ళ దగ్గర శవం ఉంది. అడిగితే, నేనే చంపానన్నాడు. శిక్షకు తీసుకుపోతుండగా మరొకడు పరుగెత్తుకొచ్చి హంతకుణ్ణి నేనన్నాడు. మొదటివాడు కసాయి. పశువును కోసి, కాలకృత్యానికి ఆ పాడుబడ్డ చోటికి వెళ్ళాడు. ఆ స్థితిలో తన మాట ఎవరూ నమ్మరని తలచి ఒప్పుకున్నాడు. ఆనాటి రక్షకభటుని ఛాతీ మీద కెమెరా ఉండి ఉంటే రెండు కథలకూ ఒకే బొమ్మ వచ్చేది. కసాయి ఒప్పుకోలు కూడా చక్కగా రికార్డయ్యేది.

రాలేకపోయిన స్త్రీ

ఇంతవరకు ముద్దాయి వైపు నుండి చూచాం. రెండవ వైపు కూడా బరువైనదే. గృహహింస కేసులలో బాధితురాలు విచారణకు రాకపోవడం అమెరికాలో నిత్యం ఎదురయ్యే సమస్య. ముద్దాయే ఆమెను బెదిరించి ఆపితే, తన దుష్కార్యంతో తన హక్కును పోగొట్టుకున్నాడని అక్కడి చట్టం అంటుంది. కాని 2008లో గైల్స్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఒక హద్దు పెట్టింది. సాక్ష్యం ఇవ్వకుండా ఆపాలన్న ఉద్దేశంతోనే ఆ పని చేశాడని రుజువు కావాలన్నది. ఆ కేసులో ముద్దాయి తన మాజీ ప్రియురాలిని చంపాడు. చనిపోవడానికి మూడు వారాల ముందు ఆమె పోలీసులకు చెప్పిన మాటలపై వివాదం. చంపినవాడే చనిపోయినామె నోరు మూయించి, ఆమె బోనులోకి రాలేదని ఫిర్యాదు చేయడం సామాన్యులకు మింగుడుపడని విషయం. సాక్షికి గాని లేఖకునికి గాని హాని కలిగించరాదని ఖుర్ఆన్ (2:282) ఆజ్ఞాపించింది. సాక్షిని పిలిచే అధికారం ఉన్నవారికి ఆమెను కాపాడే బాధ్యత కూడా ఉంటుంది. ఆ బాధ్యతను గాలికి వదలి, రికార్డు ఉంది కదా అనుకోవడం ప్రాసిక్యూషన్‌కు సులువైన దారి. ముఖాముఖి హక్కు గట్టిగా ఉన్నచోట ఆ దారి మూసుకుపోయి, ఆమెకు రక్షణ, వసతి, రవాణా ఏర్పాటు చేయవలసిన పని ప్రభుత్వం మీద పడుతుంది.

మన దేశపు చట్టం ఇదే ఇబ్బందిని మరొక విధంగా ఎదుర్కొంది. పోలీసుల ఎదుట చెప్పిన వాంగ్మూలాన్ని ప్రాసిక్యూషన్ సాక్ష్యంగా వాడుకోనివ్వదు, సాక్షి మాట మార్చినప్పుడు ఖండించడానికే వీలు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 105వ సెక్షను సోదాలను, జప్తులను ఆడియో-వీడియోలో రికార్డు చేయాలంటున్నది. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డులకు ధ్రువపత్రం కోరుతున్నది. ధ్రువపత్రం రికార్డు అసలైనదని చెబుతుంది. దానిలో మాట్లాడినవారు నిజం చెప్పారని చెప్పదు.

అనువాదకుని గొంతు

ఈ చర్చలో తక్కువగా పట్టించుకున్న విషయం భాష. గుమ్మంలోని స్త్రీకి ఇంగ్లీషు రాకపోతే పోలీసు ఉద్యోగి ఫోనులో దుబాసీని పిలుస్తాడు. కెమెరాలో రెండు గొంతులు రికార్డవుతాయి. జ్యూరీకి అర్థమయ్యేది రెండవది మాత్రమే. మరి ముద్దాయి ఎవరిని ఎదుర్కోవాలి? దుబాసీ కేవలం ఒక గొట్టం వంటివాడనీ, మాట అసలు మనిషిదేననీ 1991లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు కోర్టు భావించింది. 2013లో ఛార్లెస్ కేసులో పదకొండవ సర్క్యూట్ దీనికి భిన్నంగా, ఇంగ్లీషు మాటలు దుబాసీవే గనుక అతనిని ప్రశ్నించే హక్కు ముద్దాయికి ఉందన్నది. ఆ కేసులో క్రియోల్ భాషలో మాట్లాడినది ముద్దాయే, ఆమె మాటలు ఫోనులోని దుబాసీ ద్వారా అధికారికి చేరాయి. విచారణలో సకాలంలో ఆక్షేపణ తెలుపనందున శిక్ష మాత్రం రద్దు కాలేదు.

అనువాదం తెలిసినవారికి పదకొండవ సర్క్యూట్ మాటే సబబుగా తోస్తుంది. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబంలో ఇటువంటి రాత్రి ఒకటి వచ్చిందనుకుందాం. ఆమె ‘తోసేశారు’ అంటుంది. కర్త లేదు. బహువచనం భర్త పట్ల గౌరవంతో వాడినదా, అత్తమామలను కూడా కలిపి అన్నదా? ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘అతడు’ అనో ‘వాళ్ళు’ అనో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకున్నది దుబాసీ. ‘చంపేస్తానన్నాడు’ అన్న మాట మన ఇళ్ళలో తల్లి పిల్లవాణ్ణి అదిలించే మాట కూడా. ఇంగ్లీషులో అది మరొక నేరం. కెమెరా ఉండటం వల్ల ఇక్కడ ఒక మేలు మాత్రం ఉంది. అసలు తెలుగు మాట చెరిగిపోకుండా మిగులుతుంది, మరొక దుబాసీ దానిని విని తప్పు పట్టగలడు.

ఖాజీకి ఎంతమంది దుబాసీలు కావాలన్న విషయం హిదాయాలో ఉంది. ఒకరు చాలునన్నారు ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ అబూ యూసుఫ్. ఇద్దరుండాలన్నారు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ). అనువదించడం వార్త చెప్పడమా, సాక్ష్యమివ్వడమా అన్నదే ఈ భేదానికి మూలం. అమెరికా అప్పీలు కోర్టుల మధ్య నేడున్న భేదం కూడా అదే.

యంత్రం వ్రాసిన నివేదిక

2024లో బాడీ కెమెరాల తయారీదారు ఆక్సన్ సంస్థ, కెమెరాకు ఎక్కిన మాటల నుండి పోలీసు నివేదిక చిత్తుప్రతిని తానే వ్రాసిపెట్టే సాఫ్ట్‌వేరును విడుదల చేసింది. ఉద్యోగి దానిని చదివి, దిద్ది, సంతకం చేస్తాడు. 2025లో యూటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు అటువంటి నివేదికలో కృత్రిమ మేధను వాడిన సంగతి తెలపాలని చట్టం చేశాయి. నెలల తరువాత ఉద్యోగి బోనులో నిలబడి ఆ నివేదిక చూచి జ్ఞాపకం తెచ్చుకుంటే, ఆయన చూచినది చెబుతున్నాడా, యంత్రం వ్రాసినది చెబుతున్నాడా? ప్రయోగశాల పరీక్ష చేసిన మనిషి బదులు మరొకరు వచ్చి ఆ కాగితం మీద సాక్ష్యం చెప్పే పద్ధతిని అక్కడి సుప్రీంకోర్టు 2011లో బుల్‌కమింగ్ కేసులోనూ, 2024లో స్మిత్ కేసులోనూ కట్టడి చేసింది. ఇక్కడ ఆ మనిషే వస్తాడు, వ్రాసినది మాత్రం అతడు కాదు.

తన చేతివ్రాతను చూచిన సాక్షి, సంఘటన జ్ఞాపకం రానిదే సాక్ష్యమివ్వరాదని హిదాయా అంటుంది, ఎందుకంటే వ్రాతను వ్రాత పోలి ఉంటుంది. ఇది ఇమామ్ అబూ హనీఫా మాటనీ, శిష్యులిద్దరూ అనుమతించారనీ ఒక కథనం. ఈ విషయంలో ముగ్గురూ ఏకమనీ, భేదం ఖాజీ తన దస్త్రంలో దొరికిన సాక్ష్యాన్ని గురించేననీ మరొక కథనం. ఖాజీ సంచిలో ఉన్నది అతని ముద్ర కింద ఉంటుంది, దానికి ఎవరూ చేర్చలేరు, దాని నుండి ఎవరూ తీయలేరు, కాబట్టి నమ్మవచ్చునన్నది అనుమతించినవారి హేతువు. కెమెరా రికార్డును భద్రపరచే సంస్థలు నేడు న్యాయస్థానాలకు ఇస్తున్న హామీ కూడా ఇదే. సాక్షి చేతిలోని కాగితానికి అటువంటి ముద్ర లేదు, దాని విషయంలో జ్ఞాపకమే షరతు.